తగ్గినంత బెల్లం

జీవకోనలో మా ఇల్లు.
కిటికీ తెరిస్తే కొండ మీది దీపాలు,
మూస్తే మా ఆయన గురక.

అలిపిరి దాటి ఫస్టు గేరులో ఎక్కే బస్సు మాదిరి
మూలిగి మూలిగి ఎక్కి
పైన యాడో ఠక్కున ఆగిపోతాది.
ఆగినప్పుడే నాకు మెలకువ.

ఒకటి. రెండు. మూడు.
చీకట్లో వేళ్ళు మడుస్తా లెక్క పెడతా.
పన్నెండు. పదమూడు.
నా ఊపిరి గూడా బిగబట్టుకోనుంటా, ఆయనకు తోడుగా.
ఇరవై రెండు.
బాయిలో మునిగినోడు పైకి తేలినట్టు
ఒక్క గుటకతో గాలి మింగి పక్కకు తిరుగుతాడు.
మంచం కిర్రుమంటాది.
నేను మళ్ళా ఒకటి నుంచి.

తెల్లారి అడిగితే
"బాగానే నిద్రపోయినా గదమ్మే" అంటాడు.
కండ్లు మాత్రం మాగిన నేరేడు పండ్లు.

డ్రైవరు చెంగల్రాయులంటే డిపోలో అందరికీ ఎరికే.
పందొమ్మిదేండ్లు, బండికి ఒక్క గీత పడలేదు.
మొన్న శుక్రవారం దిగే దోవలో, మలుపు కాడ,
అర నిమిషం కాదు, అర రెప్ప కునికినాడంట.
కండక్టరు మునిరత్నం "అన్నా!" అని అరిచినాడంట.
బస్సు నిండా గంధం పూసుకున్న గుండ్లు,
ఒళ్ళో లడ్ల సంచులు,
ఎవురికీ తెలీదు.
నాకూ తెలీదు.
మునిరత్నం పెండ్లాం చెప్పింది
రేషనంగిడి కాడ, కందిపప్పు సంచి మార్చి పట్టుకుంటా.

పెద్దాసుపత్రిలో ఒక రాత్రి
తలకీ రొమ్ముకీ వేలికీ వైర్లు కట్టి పండబెట్టినారు.
గంటకి నలభై మార్లు ఊపిరి ఆగతా ఉండాదని
కాగితం చూసి డాక్టరమ్మ అనింది.
జాకెట్టుకు కొలిచినట్టు టేపుతో మెడ కొలిచింది.
త్రాసు ఎక్కిచ్చింది. నూటా నాలుగు.
"ఏం తింటారు?" అని ఆయన్నడిగి
నా చేతులు చూసింది.

ఏం చెప్పేది?
రాత్రి పన్నెండుకి ఇల్లు చేరే మనిషికి
ఉడుకుడుగ్గా వడ్డించేదొకటే గదా నాకు తెలిసిన ప్రేమ.
సంకటి ముద్దలో గుంట చేసి నెయ్యి,
చెనిక్కాయల ఊరిబిండి,
పెనం మీద నుంచి నేరుగా పులిబొంగరాలు,
"ఇంకొకటి" అనేదీ నేనే.
చెయ్యి కడిగిన తడారక ముందే పడక.

నిద్ర చాలని ఒళ్ళు
ఆకలని అబద్ధం చెప్తాదంట.
నమ్మి తింటే కండ పెరగతాదంట.
ఆ కండ గొంతులో కూర్చోని మళ్ళా నిద్రను పొడుస్తాదంట.
ఎక్కే దోవో దిగే దోవో తెలీని ఘాటు రోడ్డు ఇది.
యాడ బ్రేకు వెయ్యాల?

మా పిల్లకు కామెర్లొచ్చి తగ్గినప్పుడు
కొండ మీద త్రాసులో కూర్చోబెట్టి
ఎత్తు బెల్లం ఇచ్చుకున్నాము. పదకొండు కిలోల పిల్ల.
ఆ పొద్దు ముల్లు ఎంత కదిలితే అంత సంబరం.
ఈసారి మొక్కు తిరగేసినా స్వామీ,
ఈయన ఎంత తగ్గితే అంత బెల్లం.

ఇప్పుడు పొద్దు గుంకకుండానే క్యారియరు కడతా.
చిన్న ముద్ద, సొరకాయ పులుసు, మజ్జిగ.
ఒకనాడు చొక్కా జేబులో
నూనె మరకల బజ్జీ కాగితం దొరికింది.
ఏమనలేదు. ఉతికి ఆరేసినా.

అద్దెకి తెచ్చిన మిషను, ముక్కుకి గొట్టం.
"నాయినా, వినాయకుడివి" అని పిల్ల నవ్వింది.
మొదటి రాత్రి గురక లేదు.
ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచి
ముక్కు కాడ అరచెయ్యి పెట్టి చూసినా,
తెల్లారిందాకా నాలుగు సార్లు.

నాలుగు నెలలకి మూడున్నర కిలోలు.
అటక మీద డబ్బాలో మూడున్నర కిలోల బెల్లం,
చీమలు నాకంటే ముందే లెక్క చూసుకున్నాయి.
నిన్న పొద్దున ఆ డబ్బా దించి
చేత్తో ఎత్తి, దించి, మళ్ళా ఎత్తి,
"ఇంత బరువు నా గొంతు మీద కూర్చోనుండెనా" అన్నాడు.

లెక్క పెట్టేది మానలేదు నేను.
ఆగిన ఊపిరి కాదు, ఇప్పుడు ఆడే ఊపిరి.
ఒకటి. రెండు. మూడు.
రాత్రి పద్నాలుగు దాకా గుర్తుండాది.